అక్వేరియం చేపల్లో బ్యాక్టీరియా జబ్బులు: యాంటీబయోటిక్ ఎప్పుడు, ఎంత, ఎలా?

ఏప్రిల్ వచ్చి విశాఖలో ఉక్కపోత మొదలైందంటే నా ఫోనుకి వచ్చే ఫోటోలన్నీ ఒకే రకం. తోక చివర చీలికలైపోయిన గోల్డ్‌ఫిష్, మూతి చుట్టూ తెల్లగా పాలిపోయిన మోలీ, పొలుసులు లేచి నిలబడ్డ ఫైటర్. కింద ప్రశ్న కూడా ఒకటే: "ఏ యాంటీబయోటిక్ వెయ్యాలండీ?"

ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. అందుకే మొత్తం పనిని వరసగా రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చేప మేత తింటున్నన్నాళ్ళే మందుకి బలం. మేతలో కలిపిన మందు నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. నీళ్ళలో కలిపిన మందులో చేపకి అందేది కొంచెమే. "ఇంకో రెండు రోజులు చూద్దాంలే" అనుకునేలోపు చేప తిండి మానేస్తే, మన చేతిలో ఉన్న మంచి దారి మూసుకుపోతుంది.

ఇది అలంకరణ చేపల కోసం రాసింది. చెరువుల్లో తినడానికి పెంచే చేపలకి ఈ లెక్కలు వాడకండి. వాటికి వేరే నిబంధనలున్నాయి. మందు ఆపాక ఎన్నాళ్ళకి పట్టాలన్న గడువులుంటాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివైతే పూర్తిగా నిషేధం. మన రేవు నుంచి వెళ్ళే రొయ్యల్లో వాటి ఆనవాళ్ళు దొరికితే సరుకంతా వెనక్కి వచ్చేస్తుంది.

## 1. జబ్బు రాకముందే దగ్గర ఉంచుకోవాల్సినవి

చేప పడిపోయాక రాత్రి తొమ్మిదింటికి ఇవన్నీ వెతుక్కుంటూ తిరగలేం. ఒక పెట్టెలో వేసి పెట్టుకోండి.

- 20 నుంచి 25 లీటర్లు పట్టే కొత్త ప్లాస్టిక్ టబ్బు. సబ్బు ఎన్నడూ తగలనిది.
- ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్.
- థర్మామీటర్.
- అమోనియా, నైట్రైట్ (చేపల పెంట, మిగిలిన మేత నుంచి నీళ్ళలో చేరే విషాలు) చూసే టెస్ట్ కిట్. పీహెచ్ కిట్ ఒక్కటే సరిపోదు.
- 0.1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా.
- అయోడిన్ లేని కల్లుప్పు.
- క్లోరిన్ విరిచే హైపో గుళికలు.
- టబ్బుకి విడిగా ఒక వల, ఒక మగ్గు, ఒక సన్న పైపు.
- చేతికి గ్లవుజులు.
- ఒక నోటు పుస్తకం.

స్పాంజ్ ఫిల్టర్ గురించి ఒక మాట. దాన్ని పెట్టెలో ఎండబెట్టి దాచకండి. ఈ రోజు నుంచే పెద్ద ట్యాంకులో ఓ మూల నడుస్తూ ఉండనివ్వండి. అమోనియాని విరిచే మంచి బ్యాక్టీరియా అందులో ఇల్లు కట్టుకుంటుంది. అవసరం వచ్చిన రోజు తీసి టబ్బులో పెడితే మొదటి రోజు నుంచే పని చేస్తుంది.

వీలైతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కూడా ఒకటి కొనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

## 2. మొదటి గంట: ముందు నీళ్ళు, తర్వాతే మందు

చేప డల్‌గా కనబడగానే చెయ్యి మందు సీసా మీదకి పోనివ్వకండి. టెస్ట్ కిట్ తియ్యండి.

ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడేవి కావు. మామూలు ట్యాంకు నీళ్ళలో, అడుగున చేరిన మురికిలో ఎప్పుడూ ఉంటాయి. చేప ఒంటి మీద జిగురు పొర బాగున్నంతకాలం అవి లోపలికి దూరలేవు. అమోనియా పెరిగి ఆ పొర పాడైనప్పుడో, పక్క చేప కొరికి గాయమైనప్పుడో దారి దొరుకుతుంది. ఆ దారి తెరిచి ఉంచి మందు వేస్తే ఈ వారం తగ్గి, వచ్చే వారం మళ్ళీ వస్తుంది.

వరసగా ఇవి చెయ్యండి.

1. అమోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. ఏ కాస్త కనబడినా అది మొదటి ముద్దాయి.
2. నైట్రేట్ కిట్ ఉంటే అదీ చూడండి. 40 పీపీఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) దాటకూడదు.
3. నీళ్ళ వేడి రాసుకోండి. మే నెలలో మన ఇళ్ళలో ట్యాంకు నీళ్ళు 31, 32 డిగ్రీలకి చేరడం మామూలే.
4. మూడో వంతు నీళ్ళు మార్చండి. అడుగు మురికిని పైపుతో లాగెయ్యండి. పైపుని నోటితో పీల్చకండి. ఎందుకో కింద చెబుతాను.
5. గాలి పెంచండి.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 32 డిగ్రీల దగ్గర పట్టేది 7.3 మాత్రమే. మొప్పలు పాడైన చేపకి ఆ తేడా చాలా ఎక్కువ.

కార్పొరేషన్ కుళాయి నీళ్ళయితే హైపో వేసిగానీ పొయ్యకండి, లేదా ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజు ఉంచండి. క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. బీచ్‌కి దగ్గరున్న కాలనీల్లో బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి. మీ నీళ్ళు హార్డ్ వాటరా, అంటే కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతున్నాయా? 8వ మెట్టులో దీనితో పని పడుతుంది.

తోక అంచు కొంచెం మాత్రమే చీకి, చేప హుషారుగా తింటూ ఉంటే ఇక్కడే ఆగండి. రోజూ పావు వంతు నీళ్ళు మారుస్తూ నాలుగైదు రోజులు చూడండి. ఇలాంటి వాటిలో చాలావాటికి నేను మందు ముట్టుకోలేదు. చీకిన అంచు పక్కన పల్చటి గాజు కాగితంలాంటి కొత్త రెక్క మొలవడం కనిపిస్తే మీరు గెలిచినట్టే.

## 3. ఇది అసలు బ్యాక్టీరియాయేనా?

గదిలో లైట్లు ఆర్పండి. ఫోను టార్చి వెలిగించి ట్యాంకు పక్క అద్దం మీద నుంచి ఏటవాలుగా కొట్టండి. ఎదురుగా కొడితే ఏమీ కనబడదు. పక్క నుంచి పడే వెలుతురులో ఒంటి మీద ప్రతి మచ్చా నీడతో సహా తేలుతుంది. ఫోటో కాదు, ఒక నిమిషం వీడియో తియ్యండి.

బ్యాక్టీరియా కానివి ముందు పక్కన పెడదాం.

- ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు రవ్వలు అంటుకున్నట్టు విడివిడి చుక్కలు: ఇది ఇక్, పరాన్నజీవి. యాంటీబయోటిక్ పనిచెయ్యదు.
- పసుపు, బంగారు రంగు పొడి అద్దినట్టు: వెల్వెట్. ఇదీ పరాన్నజీవే.
- దూదిలా పైకి లేచిన పోగులు, నీళ్ళలో ఊగుతుంటాయి: ఫంగస్. ఎక్కువగా పాత గాయం మీద వస్తుంది.
- ఒంట్లోంచి దారం ముక్క వేలాడుతున్నట్టు: లంగరు పురుగు.
- ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ తల మీద గుంటలు, తెల్లటి దారంలా పెంట: చాలాసార్లు లోపలి పరాన్నజీవి. దీని మందు వేరు.

బ్యాక్టీరియా మీద అనుమానం వచ్చే గుర్తులు ఇవి.

- రెక్కలు అంచు నుంచి లోపలికి కుళ్ళుతూ రావడం, అంచున ఎర్రటి లేదా తెల్లటి గీత.
- పొట్ట మీద, రెక్కల మొదట్లో ఎర్రటి జీరలు.
- మధ్యలో ఎర్రగా, చుట్టూ తెల్లటి అంచుతో పుండు.
- ఒక కన్నుగానీ రెండూగానీ బయటికి పొడుచుకు రావడం.
- పొట్ట ఉబ్బి, పైనుంచి చూస్తే పనసకాయలా పొలుసులన్నీ లేచి ఉండటం. దీన్నే డ్రాప్సీ అంటారు.
- మూతి మీద, వీపు రెక్క కింద బూడిద-తెలుపు పాచి.

ఆ చివరి దాని దగ్గర అందరూ పొరబడతారు, నేనూ పొరబడ్డాను. ఓ మే నెల సాయంత్రం మా మోలీ వీపు మీద తెల్లగా కనిపించింది. ఇక్ అనుకున్నాను. ఇక్‌కి నీళ్ళు వేడి చెయ్యాలని విని హీటర్ 31 మీద పెట్టాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఆ పాచి వీపుకి అటూ ఇటూ జీను వేసినట్టు దిగింది. మధ్యాహ్నానికి చేప పోయింది. దాంతోపాటున్న రెండు మోలీలు రాత్రికి పోయాయి. అది కాలమ్నారిస్. నీళ్ళు వేడెక్కేకొద్దీ రెచ్చిపోయే బ్యాక్టీరియా. నేను చేసిన పనే దాన్ని పెంచింది.

తేడా ఇలా పట్టుకోండి. ఫంగస్ పోగులు పైకి లేచి ఉంటాయి. కాలమ్నారిస్ పాచి ఒంటికి అతుక్కుని చదునుగా ఉంటుంది, అంచులు ఒక్కోసారి పసుపుపచ్చగా ఉంటాయి. ఫంగస్ రోజుల్లో పెరుగుతుంది. ఇది గంటల్లో పెరుగుతుంది.

## 4. ఎంత తొందర పడాలి?

కాలమ్నారిస్. వేడి నీళ్ళలో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. అదే రోజు కదలండి. హీటర్ ఉంటే ఆపెయ్యండి. నీళ్ళ వేడి నెమ్మదిగా 24, 25 డిగ్రీల వైపు దించండి. ట్యాంకు మూత తీసి టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యకండి.

ఏరోమోనాస్, సూడోమోనాస్. పుండ్లు, ఎర్ర జీరలు, రెక్కల కుళ్ళు, డ్రాప్సీలో చాలా భాగం వీటివల్లే. సాధారణంగా రెండు మూడు రోజుల వ్యవధి ఉంటుంది. మేతలో మందు బాగా పనిచేసేది ఇక్కడే.

స్ట్రెప్టోకోకస్. చేప గిరగిరా తిరగడం, తల కిందులుగా ఈదడం, కళ్ళు ఉబ్బడం. దీనికి పనిచేసే మందులు వేరు. అందుకే వీడియో తియ్యమన్నాను.

చేపల టీబీ. నెలల తరబడి తింటూనే చిక్కిపోతుంది, వెన్ను వంగుతుంది, మానని పుండు ఉంటుంది. మైకోబ్యాక్టీరియం అనే జాతి దీనికి కారణం. ఇది గాయం ద్వారా మనుషుల చర్మానికి అంటుకుంటుంది. చేతి మీద నెలల తరబడి మానని గడ్డలు లేస్తాయి. పైపుని నోటితో పీల్చవద్దన్నదీ, చేతికి గాయముంటే గ్లవుజు లేకుండా చెయ్యి పెట్టొద్దన్నదీ ఇందుకే. మీ చేతి మీద అలాంటి గడ్డ ఉంటే చర్మ వైద్యుడికి "మా ఇంట్లో చేపల ట్యాంకు ఉంది" అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయనకి తట్టే అవకాశం తక్కువ.

## 5. చేపని వేరు చెయ్యడం

పెద్ద ట్యాంకులో యాంటీబయోటిక్ కలపకండి. మందు ఎక్కువ పడుతుంది. ఫిల్టర్‌లో అమోనియా విరిచే బ్యాక్టీరియా దెబ్బతినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న చేపలకి అనవసరంగా మందు తగులుతుంది.

1. టబ్బులో సగం పెద్ద ట్యాంకు నీళ్ళు, సగం హైపో వేసిన కొత్త నీళ్ళు పొయ్యండి. ఎన్ని లీటర్లు పోశారో మగ్గుతో కొలిచి రాయండి.
2. నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి.
3. అడుగున ఇసుక, గులకరాళ్ళు వద్దు. దాక్కోడానికి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి చాలు.
4. యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసెయ్యండి. అది మందుని పీల్చేస్తుంది.
5. చేపని వలతో ఎక్కువసేపు తరమకండి. చిన్న గిన్నెతో ముంచి తియ్యండి.
6. లీటరుకి 2 గ్రాముల లెక్కన కల్లుప్పు కలపండి. 20 లీటర్లకి 40 గ్రాములు. విడిగా కరిగించి, సగం రోజులో మూడు దఫాలుగా పొయ్యండి.

ఉప్పు బ్యాక్టీరియాని చంపదు. చర్మం పాడైన చేప ఒంట్లోకి నీళ్ళు ఊరుతుంటాయి. ఆ నీళ్ళని బయటికి తోసే శ్రమని ఉప్పు తగ్గిస్తుంది. క్యాట్‌ఫిష్, లోచ్ జాతులకి సగం వేస్తే చాలు.

## 6. వైద్యుడి దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి

యాంటీబయోటిక్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. పశువైద్యుడికి చూపించండి. చేపలు ఎక్కువగా చూడని డాక్టరైనా, మీరు సమాచారం సరిగ్గా ఇస్తే మందు నిర్ణయించగలరు.

- వీడియో, టార్చి వెలుతురులో తీసింది.
- అమోనియా, నైట్రైట్, వేడి అంకెలు.
- ట్యాంకు లీటర్లు. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగించండి. 60, 30, 30 అయితే 54 లీటర్లు.
- చేపల బరువు.
- ఇంతకుముందు వేసిన మందులు, ఏ రోజున ఎంత.
- చేప మేత తింటోందా లేదా.

ఒకదాని వెనక ఒకటి పోతుంటే ల్యాబ్ పరీక్ష గురించి అడగండి. ఏ మందుకి లొంగుతుందో తేల్చేది అదొక్కటే. అప్పుడే పోయిన చేపని కవర్లో వేసి ఐసు మధ్య పెట్టి తీసుకెళ్ళాలి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తే పనికిరాదు. పోయి సగం రోజైనదీ పనికిరాదు. మనకి దగ్గర్లో విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చేప నమూనాలు తీసుకుంటారో లేదో ముందు కనుక్కుని బయల్దేరండి.

## 7. మేతలో మందు: ఇదే అసలు పని

ఇక్కడ నెమ్మదిగా చదవండి. లెక్క ఒకసారి అర్థమైతే ఎప్పటికీ పోదు.

బరువు. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు పోసి కాటా మీద పెట్టండి. సున్నా చెయ్యండి. తడి వలలో చేపని పట్టి, నీళ్ళు ఒక్క క్షణం కారనిచ్చి గిన్నెలో వదలండి. వచ్చిన అంకే బరువు.

మోతాదు. చేపల వైద్యంలో మేత ద్వారా ఎక్కువగా ఇచ్చేవి రెండు. ఆక్సీటెట్రాసైక్లిన్ అయితే కిలో చేపకి రోజుకి 55 నుంచి 83 మిల్లీగ్రాములు, 10 రోజులు. ఫ్లోర్‌ఫెనికాల్ అయితే కిలోకి రోజుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 10 రోజులు. ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పిందే ఖాయం. ఈ అంకెలు మీ చీటీలో పొరపాటు పడకుండా సరిచూసుకోడానికి.

లెక్క. డాక్టరు ఆక్సీటెట్రాసైక్లిన్ కిలోకి 75 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. మీ చేపలన్నీ కలిపి 100 గ్రాములు.

- రోజుకి కావాల్సిన మందు: 7.5 మిల్లీగ్రాములు.
- రోజుకి మేత, బరువులో ఒకటిన్నర శాతం: 1.5 గ్రాములు.
- అంటే గ్రాము మేతలో 5 మిల్లీగ్రాముల మందు ఉండాలి.
- 250 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి పూర్తిగా 50 గ్రాముల మేతకి సరిపోతుంది.

చివరి గీత చూశారా? మందుని ముక్కలు చెయ్యలేదు, మేతనే మందుకి తగ్గట్టు తీసుకున్నాం. ఇంట్లో కాటాతో 7.5 మిల్లీగ్రాములు తూచడం ఎవరివల్లా కాదు. 50 గ్రాముల మేత తూచడం అందరివల్లా అవుతుంది. మిగిలిపోయిన మేత పారేసినా పరవాలేదు.

ఇంకో సంగతి. క్యాప్సూల్‌లో పొడి అంతా మందు కాదు, పిండిలాంటి కలుపుడు పదార్థం కూడా ఉంటుంది. 250 అని రాసి ఉన్నది మందు బరువు. పొడిని తూచి లెక్కెయ్యకండి.

కలిపే పద్ధతి.

1. చేపలు రోజూ తినే పెల్లెట్లే 50 గ్రాములు పొడి గిన్నెలో తియ్యండి. కొత్త రకం మేత ఇప్పుడు వద్దు. ఈ గిన్నె, చెంచా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.
2. గ్లవుజు వేసుకుని క్యాప్సూల్ విప్పి పొడి చల్లండి. మూత పెట్టి రెండు నిమిషాలు కుదపండి. ప్రతి గింజకీ పల్చగా పొడి అంటాలి.
3. అర చెంచా వంటనూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ కలపండి. నూనె పొర మందుని నీళ్ళలో కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది.
4. పళ్ళెంలో పరిచి నీడలో గంట ఆరనివ్వండి. ఎండలో వద్దు. టెట్రాసైక్లిన్ జాతి మందులు వెలుతురుకి పాడైపోతాయి.
5. డబ్బాలో వేసి, నల్ల కవరు చుట్టి, తేదీ, "చేపల మందు" అని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌లో పిల్లలకి అందకుండా పెట్టండి.

పెట్టే పద్ధతి. మొదటి రోజుకి ముందు ఒక పూట పస్తు ఉంచండి. ఆ రోజు మేతని రెండు పూటలుగా చేసి, నాలుగైదు గింజల చొప్పున వెయ్యండి. అవి తిన్నాకే మరో నాలుగు. ఒకేసారి గుప్పెడు వేస్తే అడుగున నాని, మందంతా నీళ్ళపాలవుతుంది. ఈ పది రోజులూ వేరే మేత వద్దు, బ్లడ్‌వార్మ్ కూడా వద్దు. కాల్షియం ఆక్సీటెట్రాసైక్లిన్‌ని పట్టేసుకుంటుంది కాబట్టి రొయ్య పెంకుల పొడి ఈ రోజుల్లో అస్సలు వద్దు.

## 8. చేప తినడం మానేస్తే: నీళ్ళలో మందు

ఇది రెండో దారి.

మందు ఎంపిక ఇక్కడ ఇంకా ముఖ్యం. ఆక్సీటెట్రాసైక్లిన్‌ని హార్డ్ వాటర్‌లో వేస్తే కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. చేపకి అందేది చాలా తక్కువ. బోరు నీళ్ళవాళ్ళు ఈ విషయం డాక్టరుకి చెప్పండి. డ్రాప్సీకి కొందరు ఎప్సమ్ సాల్ట్ వేస్తారు, అది కూడా మెగ్నీషియమే. రెండూ ఒకే టబ్బులో వద్దు.

కనామైసిన్ నీళ్ళ ద్వారా కొంత మెరుగ్గా ఒంట్లోకి వెళ్తుంది. లీటరుకి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, మూడు రోజులకోసారి, మూడు దఫాలు ఇస్తారు. 20 లీటర్ల టబ్బుకి 50 లెక్కన ఒక గ్రాము.

1. దఫాకి ముందు సగానికి పైగా నీళ్ళు మార్చండి.
2. మందుని చిన్న సీసాలో ట్యాంకు నీళ్ళతో పూర్తిగా కరిగించండి.
3. ఎయిర్ స్టోన్ దగ్గర నెమ్మదిగా పొయ్యండి.
4. టబ్బు మీద ముదురు గుడ్డ కప్పండి. గాలి ఆడే సందు ఉంచండి.
5. రెండు దఫాల మధ్య అమోనియా కనబడి నీళ్ళు మార్చాల్సి వస్తే, పోసిన కొత్త నీళ్ళకి సరిపడా మందు మాత్రమే వెయ్యండి. 20 లీటర్లలో 5 మారిస్తే 5 లీటర్ల మందే.

చేప మళ్ళీ మేతకి నోరు తెరిచిన రోజున డాక్టరుకి చెప్పండి. అక్కడినుంచి మేతలో మందుకి మారొచ్చేమో అడగండి.

## 9. రోజూ రాసుకోవాల్సినవి

పొద్దున్న ఐదు నిమిషాలు, పుస్తకంలో:

- మందు ఎన్నో రోజు.
- ఎన్ని గింజలు తింది.
- నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడుతున్నాయి. నిన్నటికంటే ఎక్కువా తక్కువా?
- పుండు, పాచి సైజు. అదే కోణంలో ఫోటో.
- అమోనియా, వేడి.
- మార్చిన నీళ్ళు ఎన్ని లీటర్లు.

మూడు, నాలుగు రోజులకి ఎర్రదనం తగ్గాలి, పుండు పెరగడం ఆగాలి. రెక్క మొలవడానికి వారాలు పడుతుంది, దానికోసం కంగారు పడకండి. ఐదో రోజుకీ మార్పు లేకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మీ అంతట మీరు ఇంకో మందు కలపకండి.

ఆరో రోజున చేప హుషారుగా తిరుగుతుంటే ఆపేద్దామనిపిస్తుంది. ఆపకండి. బ్యాక్టీరియాలో చావకుండా మిగిలినవి ఆ మందుని తట్టుకున్న మొండివే. మళ్ళీ అవే పెరిగితే అదే మందు రెండోసారి పనిచెయ్యదు. పది రోజులంటే పది రోజులు.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాటు

ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ వెయ్యడం. ఏరోమోనాస్ హైడ్రోఫిలాకి ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ అంటే పుట్టుకతోనే లెక్కలేదు. వేసేసి ఉంటే సగం నీళ్ళు మార్చి, డాక్టరుకి ఆ మాట దాచకుండా చెప్పండి.

మెట్రోనిడజోల్ అన్నిటికీ వాడటం. అది కొన్ని పరాన్నజీవులకీ, ఆక్సిజన్ లేనిచోట బతికే బ్యాక్టీరియాకీ. రెక్కల కుళ్ళుకి పనిచెయ్యదు.

రంగు చూసి మందు వెయ్యడం. షాపులో దొరికే నీలం సీసా, పచ్చ సీసా ఎక్కువగా ఫంగస్‌కీ, పరాన్నజీవులకీ పనికొచ్చేవి. సీసా మీద మందు పేరు లేకపోతే కొనకండి. ఒకసారి పేరు లేని పొట్లంలో పసుపు పొడి ఇచ్చి "అన్నిటికీ ఇదే" అన్నారు ఒకచోట. వేసిన రాత్రే చేపలు నీటి పైకొచ్చి గాలి మింగాయి. నీళ్ళన్నీ మార్చితేగానీ నిలబడలేదు.

"కొంచెం కొంచెం వేసి చూద్దాం." తక్కువ మోతాదు జబ్బుని చంపదు, బ్యాక్టీరియాకి ఆ మందు అలవాటు చేస్తుంది. ధైర్యం లేకపోతే అసలు వెయ్యకుండా నీళ్ళు మార్చండి.

జబ్బు రాకుండా ముందుగానే వెయ్యడం. కొత్త చేప తెచ్చిన ప్రతిసారీ యాంటీబయోటిక్ వేసేవాళ్ళున్నారు. దయచేసి మానెయ్యండి. కొత్త చేపని నాలుగు వారాలు విడిగా టబ్బులో ఉంచి చూడండి.

కార్బన్ తియ్యడం మరిచిపోవడం. సగం రోజు గడిచాక గుర్తొస్తే, తీసేసి డాక్టరుని అడిగి మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టండి.

## 11. వైద్యం ఆపాల్సిన సందర్భం

టీబీ అని గట్టి అనుమానం ఉన్న చేపకీ, పొలుసులు లేచి వారమై అడుగున పక్కకి పడిపోయిన చేపకీ మందు మీద మందు వెయ్యడం దాన్ని బాధపెట్టడమే. మనసొప్పదు, తెలుసు. అయినా నీళ్ళ బయట పెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి చావనివ్వకండి.

లవంగ నూనెని గోరువెచ్చని నీళ్ళ సీసాలో వేసి తెల్లగా అయ్యేదాకా కుదపండి. చేప ఉన్న చిన్న గిన్నెలో ముందు కొంచెం పొయ్యండి. అది మత్తులో ఒరిగాక మిగతాది పొయ్యండి. మొత్తం లీటరు నీటికి అర మిల్లీలీటరు నూనె పడాలి. మొప్పలు ఆగిపోయాక ఇంకో అరగంట అలాగే ఉంచండి. తర్వాత కాగితంలో చుట్టి లోతుగా పాతిపెట్టండి. పిల్లికి వెయ్యకండి.

## 12. కోర్సు అయ్యాక

మందు ఆపాక రెండు వారాలు చేప టబ్బులోనే ఉండాలి. మామూలు మేత, మామూలు నీళ్ళు, ఉప్పు మెల్లగా తగ్గిస్తూ రండి. జబ్బు తిరగబెడితే ఈ రెండు వారాల్లోనే చాలావరకు కనబడుతుంది.

ఈలోగా పెద్ద ట్యాంకు పని చూడండి. చేపలు ఎక్కువైతే తగ్గించండి, కొరికే చేపని వేరు చెయ్యండి, అడుగు మురికి వారానికోసారి లాగండి.

మందు నీళ్ళని నేరుగా కాలవలోకి, గెడ్డలోకి వంపకండి. టబ్బులో కార్బన్ వేసి రెండు రోజులు ఫిల్టర్ నడపండి. టెట్రాసైక్లిన్ అయితే ఆ నీళ్ళని మేడ మీద ఎండలో కూడా ఉంచండి. కూరగాయల మొక్కలకి పొయ్యకండి. జబ్బు చేపల్ని ముడసర్లోవ లాంటి జలాశయాల్లో "బతుకుతాయిలే" అని వదలకండి. ఊరి తాగే నీళ్ళలో కొంత అక్కడివే.

వల, మగ్గు, పైపు కడిగి మేడ మీద రోజంతా మండుటెండలో బోర్లించండి. టీబీ అనుమానమున్న చేపకి వాడినవైతే కడగకుండానే పారేసి కొత్తవి కొనండి. టబ్బు ఆరాక పెట్టెలో పెట్టే ముందు స్పాంజ్‌ని చూడండి. మందు తగిలిన స్పాంజ్‌ని మళ్ళీ పెద్ద ట్యాంకులో పెట్టకూడదు. కొత్తది తెచ్చి ఇవాళే ట్యాంకులో ఓ మూల నడపడం మొదలుపెట్టండి. అది సిద్ధమవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.